సినిమాలో రోమ్, టికెట్టు కొన్నాక రోమ్

రోమ్‌కి టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు ముందుగా చూసే సినిమా దాదాపుగా రోమన్ హాలిడే. చూడాల్సిందే. ఓ రాకుమారి, ఓ విలేఖరి కలిసి రోమ్ తిరిగే కథ అది. 1953లో వచ్చిన ఆ నలుపు తెలుపు సినిమాను అసలు వీధుల్లోనే తీశారు, 70 ఏళ్లు దాటినా అక్కడి మెట్లు, ఫౌంటెన్లు ఇట్టే గుర్తుపట్టొచ్చు. చిక్కల్లా ఒక్కటే: అందులో రోమ్‌లో జనం పల్చగా ఉంటారు, వేళ్లాడే బోర్డులుండవు, ఎవరూ టికెట్టు అడగరు. కాబట్టి మ్యాప్ పక్కన పెట్టుకుని చూడండి, ఆపి ఆపి చోట్లు గుర్తుపెట్టుకోండి.

రాకుమారిగా వేసిన ఆడ్రీ హెప్‌బర్న్ జెలాటో (ఇటలీ ఐస్‌క్రీమ్) తిన్న స్పానిష్ మెట్ల మీద 2019 నుంచి కూర్చోనివ్వడం లేదు. జరిమానా 250 యూరోలు, మెట్లు పాడుచేస్తే 400 దాకా. పిల్లలూ పెద్దవాళ్లూ అలసిపోయి చతికిలబడేది సరిగ్గా అక్కడే, ముందే చెప్పి తీసుకెళ్లండి. జెలాటో పక్క సందులో తినేసి ఖాళీ చేతులతో మెట్లెక్కడం మేలు. అక్కడి నుంచి అయిదారు నిమిషాలు నడిస్తే వియా మార్గుట్టా అనే వీధి. సినిమాలో విలేఖరి గది ఉన్నది 51వ నంబరులో. ఇళ్లున్న చోటు, గేటు దగ్గర నుంచే చూసి వచ్చేయాలి.

ఎక్కువమంది ఉసూరుమనేది బొక్కా డెల్లా వెరిటా దగ్గర. ఒక చర్చి వసారాలో ఉన్న పాలరాతి ముఖం అది, అబద్ధమాడినవాళ్లు నోట్లో చెయ్యి పెడితే కొరికేస్తుందని చెప్పుకుంటారు. సినిమాలో ఇద్దరే నిలబడి తీరిగ్గా మాట్లాడుకుంటారు. ఇప్పుడు ఆ వసారాలో మొదలైన క్యూ ఇనుప కమ్మీలు దాటి ఫుట్‌పాత్ మీదికి వస్తుంది, ఎండలో అంతసేపు నిలబడితే చేతికందేది ఒక్క ఫోటో. సినిమా చూడనివాళ్లకు అక్కడ ఏముందో అర్థంకాదు, విసుక్కుంటారు. వాళ్లను క్యూలో పెట్టొద్దు. కమ్మీల సందులోంచి ఆ ముఖం బయటికే కనిపిస్తుంది. చెయ్యి పెట్టి తీరాలనుకుంటే ఉదయం తెరిచే వేళకే చేరుకోండి, విరాళం పెట్టెలో వేయడానికి 2 యూరోల నాణెం దగ్గరుంచుకోండి. ఫోటో కాగానే వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ, లోపలికి వెళ్లండి: రంగురాళ్లు పొదిగిన నేల ఉంది, సెయింట్ వాలెంటైన్‌దిగా చెప్పే పుర్రె ఉంది.

కొలోసియంలోకి సినిమాలో రాకుమారి, విలేఖరిలా నడిచి వెళ్లిపోలేం. 18 యూరోల టికెట్టు, దాని మీద పేరు, పాస్‌పోర్టుతో సరిచూస్తారు. ఇక సినిమాలో వాళ్లు తిరిగిన వెస్పా స్కూటర్ అద్దెకు మన లైసెన్సు ఒక్కటే చాలదు, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా కావాలి. చదరపు రాళ్ల రోడ్డు తడిస్తే జారుతుంది. నా లెక్కలో వెస్పా మానేసి నడవడమే మంచిది.

రోమన్ హాలిడే కోసం డబ్బు పెట్టాల్సిన చోటు పలాజో కొలొన్నా అనే పాత భవనం. చివరి విలేఖరుల సమావేశం తీసిన పెద్ద హాలు అదే, బంగారు పూతలు, అద్దాలు అన్నీ అలాగే ఉన్నాయి. హాలులో మెట్ల మీద ఒక ఫిరంగి గుండు పడి ఉంటుంది, 1849 ముట్టడిలో కిటికీలోంచి వచ్చిపడింది, తీయకుండా వదిలేశారు. మామూలు సందర్శకులకు తెరిచేది ప్రధానంగా శనివారం ఉదయం, అందుకే రోమ్‌లో ఉండే రోజుల్లో ఒక శనివారం పడేలా టికెట్లు తీసుకోండి.

లా డోల్చె వీటా (1960) చూసి వియా వెనెటో దగ్గర హోటల్ తీసుకోకండి. ఆ వీధిని దర్శకుడు ఫెల్లీని చినెచిత్తా స్టూడియోలో సెట్ వేశాడు, సెట్ చదునుగా ఉంటుంది, అసలు వీధి ఎత్తెక్కుతుంది. సూట్‌కేసు లాగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ట్రెవీ ఫౌంటెన్ మాత్రం అసలుదే, నీళ్లలో కాలు పెడితే వందల యూరోల జరిమానా. తెల్లవారక ముందే వెళ్లండి, నీటి చప్పుడు వినిపిస్తుంది.

బైసికిల్ థీవ్స్ (1948)లో తండ్రీ కొడుకులు సైకిల్ వెతుక్కునే పోర్టా పోర్టేసే సంత ఇప్పటికీ ఆదివారం ఉదయం జరుగుతుంది. టికెట్టు లేదు. మధ్యాహ్నానికి సర్దేస్తారు, ఎనిమిదికల్లా ఉండండి. జేబుదొంగలుంటారు, బ్యాగు ముందుకు వేసుకోండి, ఫోను వెనక జేబులో పెట్టకండి. 1.50 యూరోల సిటీ టికెట్టు 100 నిమిషాలు పనిచేస్తుంది, బస్సులు ఎన్నిసార్లయినా మారొచ్చు, మెట్రో మాత్రం ఒక్కసారే.