ఆరు పడికట్టు రాళ్ళ త్రాసు: రాళ్ళు బాగున్నాయి, పుస్తకం బాగాలేదు

ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోసం, తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయానికి దగ్గరలో ఉన్న ఒక బొమ్మల దుకాణంలో 850 రూపాయలు పెట్టి ఈ చెక్క త్రాసును కొన్నాను. దీనితో పాటు 1, 3, 9, 27, 81, 243 గ్రాముల ఇత్తడి రాళ్ళు ఆరు, ఒక చిన్న పుస్తకం ఇస్తారు.

మొదటి రోజు ఇంట్లో ఉన్న శ్రీవారి లడ్డూనే తూచాము. చిన్న లడ్డూ 175 గ్రాములంటారు కదా, 243 రాయి పెడితే పళ్ళెం కిందికి దిగిపోయింది, అది తీసి మిగిలిన అయిదూ పెడితే 121 దగ్గరే ఆగిపోయాము. "నాన్నా, లడ్డూ పక్కన కూడా రాయి పెట్టొచ్చా?" అని అమ్మాయి అడిగింది. పెట్టవచ్చు, ఈ త్రాసులోని కిటుకంతా అదే. లడ్డూ పక్కన 81, ఎదుటి పళ్ళెంలో 243, 9, 3, 1 ఉంచగానే ముల్లు దాదాపు నడిమికి వచ్చి నిలిచింది.

ఎదుటి పళ్ళెంలోని రాయికి +, వస్తువు పక్కన పెట్టిన రాయికి −, వాడని రాయికి 0 రాసుకుంటే, పెద్ద రాయి నుండి చిన్న రాయి వరకు 175 అనే సంఖ్య +−0+++ అవుతుంది. మూడు ఆధారంగా, 0, 1, 2 అంకెలకు బదులు −1, 0, 1 వాడి సంఖ్యలు రాసే పద్ధతి ఇదే. ఆరు రాళ్ళతో 1 నుండి 364 వరకు ప్రతి గ్రామునూ తూచవచ్చు, పైగా ఒక్కో బరువుకు రాళ్ళు పెట్టే తీరు ఒకే ఒక్కటి ఉంటుంది. 1, 2, 4 అంటూ రెట్టింపయ్యే ఆరు రాళ్ళను ఒకే పళ్ళెంలో పెడితే 63 దాటలేము. ఋణ సంఖ్యకు వేరే గుర్తు కూడా అక్కరలేదు: 100 అంటే, ముందుండే 0ను వదిలేస్తే, ++−0+, రెండు పళ్ళేలలోని రాళ్ళను తారుమారు చేస్తే −−+0−, అంటే −100. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం మరొకటి. 175లో చివరి మూడు రాళ్ళను తీసేస్తే మిగిలేది 162, అది 175కు అతి దగ్గరలో ఉన్న 27 గుణిజం. చివరి అంకెలను కొన్నిటిని కొట్టివేస్తే చాలు, సంఖ్య దానంతటదే దగ్గరి గుణిజానికి సవరించబడుతుంది. 1958లో మాస్కో విశ్వవిద్యాలయంలో బ్రుసెన్‌త్సోవ్ ఆధ్వర్యంలో తయారైన సెతున్ కంప్యూటరు ఈ పద్ధతిలోనే లెక్కలు చేసేది.

ఇక లోపాల సంగతి. తెలిసిన నగల దుకాణంలో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూస్తే 3 గ్రాముల రాయి 3.2 చూపింది. దుకాణదారు మారు మాట లేకుండా వేరే రాయి ఇచ్చారు. పుస్తకంలోని తప్పును మాత్రం అంత తేలికగా వదిలిపెట్టలేను. చివరి అంకె 0 అయితే సరి సంఖ్య, కాకపోతే బేసి సంఖ్య అని అందులో అచ్చువేశారు. మూడును రాస్తే +0, చివర సున్నా ఉన్నా అది బేసి. రెండును రాస్తే +−, చివర సున్నా లేకపోయినా అది సరి. రాళ్ళన్నీ బేసి బరువులే కాబట్టి, రెండు పళ్ళేలలో కలిపి ఎన్ని రాళ్ళు వాడామో లెక్కపెట్టి, ఆ లెక్క సరి అయితే బరువు సరి అని, బేసి అయితే బేసి అని చెప్పాలి. 175కు అయిదు రాళ్ళు, 100కు నాలుగు. కొనేవారు ఆ వాక్యాన్ని కొట్టివేసి, పక్కన ఈ సూత్రాన్ని రాసి, ఆ తరువాతే పుస్తకాన్ని పిల్లల చేతికివ్వండి.