కంటికి కనిపించేది ఒంటికీ తెలియాలి: వీఆర్ హెడ్‌సెట్‌కు స్టీరింగ్, గేరు రాడ్, అదిరే కుర్చీ

మెటా క్వెస్ట్ 3 అనే వీఆర్ హెడ్‌సెట్‌ను (కళ్లను కప్పి, ఆట లోపలే ఉన్నట్టు చూపే పరికరం) తలకు పెట్టుకుని, చేతిలో మామూలు గేమ్‌ప్యాడ్ పట్టుకుని కారు పందెం ఆడటం మొదలుపెట్టిన కొత్తలో పది నిమిషాలకు మించి కూర్చోలేకపోయేవాణ్ణి. ఘాట్ రోడ్డులో బస్సు వెనక సీట్లో కూర్చున్నట్టు ముందు నుదుటి మీద చెమట పట్టేది, తర్వాత కడుపులో తిప్పడం మొదలయ్యేది. ఇప్పుడు అదే హెడ్‌సెట్‌తో, అదే ఆటను గంటసేపు హాయిగా ఆడి లేస్తున్నాను. ఈ తేడా హెడ్‌సెట్ మార్చడం వల్ల వచ్చింది కాదు. దానికి ఒక్కొక్కటిగా జతచేసిన స్టీరింగ్, పెడళ్లు, గేరు రాడ్, చివరగా కుర్చీని అదిరించడానికి దాని కింద బిగించిన బేస్ షేకర్ అనే పరికరం వల్ల వచ్చింది. అందుకే ఏ ఒక్క వస్తువునో విడిగా కాకుండా, వీటి కలయికనే ఇక్కడ సమీక్షిస్తున్నాను.

హెడ్‌సెట్ గురించి ముందుగా చెప్పాల్సింది కొంతే. 2023 అక్టోబరులో విడుదలైన క్వెస్ట్ 3ను డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడు సంక్రాంతికి వస్తూ తెచ్చాడు. ఒక్కో కంటికి 2064 × 2208 పిక్సెళ్ల తెర ఉంది, బరువు 515 గ్రాములు. ప్యాన్‌కేక్ లెన్సులు అనే పలచటి లెన్సులు కావడం వల్ల కళ్లను పక్కకు తిప్పినా దృశ్యం అంచుల దాకా స్పష్టంగానే ఉంటుంది, కారు డ్యాష్‌బోర్డు మీది అంకెలు చదవడానికి ఇది చాలా ముఖ్యం. కళ్లద్దాలు పెట్టుకునేవారు లోపలి అంచును కొంచెం ముందుకు జరుపుకోవచ్చు, కానీ అద్దాలు లెన్సులకు రాసుకుంటే గీతలు పడతాయి కాబట్టి ఆ జాగ్రత్త ఎప్పుడూ ఉండాలి. బ్యాటరీ సుమారు రెండు గంటలు వస్తుంది, ఆ తర్వాత మనిషికి కూడా విశ్రాంతి కావాలి.

ఇక కడుపులో తిప్పడం గురించి. మన లోచెవిలో ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిరగడాన్ని గుర్తిస్తాయి, వాటి పక్కనే ఉన్న చిన్న చిన్న స్ఫటికాల పొర ముందుకూ వెనక్కూ కలిగే కుదుపులను గుర్తిస్తుంది. హెడ్‌సెట్‌లో కారు మలుపు తిరుగుతున్నట్టు కళ్లు చెబుతుంటే, కుర్చీలో కదలకుండా కూర్చున్న లోచెవి అలాంటిదేమీ లేదంటుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగకపోవడమే ఈ బాధకు మూలమని శాస్త్రవేత్తలు చెబుతారు. అయితే కారు నడిపే మనిషికి రాని వాంతి పక్కన కూర్చున్నవాళ్లకు ఎందుకు వస్తుందో గమనించండి. రాబోయే మలుపు నడిపేవాడికి ముందే తెలుసు, ఆ మలుపును తిప్పేది అతని చేతులే. గేమ్‌ప్యాడ్‌తో ఆడేటప్పుడు నేను బొటనవేలితో పుల్ల కదిపే ప్రయాణికుణ్ణి మాత్రమే. స్టీరింగ్ పట్టుకున్నాక డ్రైవరునయ్యాను.

నా స్టీరింగ్ లాజిటెక్ జీ29. దీని చక్రం ఇటు కొస నుంచి అటు కొసకు 900 డిగ్రీలు, అంటే మన కార్లకు దగ్గరగా రెండున్నర చుట్లు తిరుగుతుంది. లోపలి రెండు మోటార్లు పళ్లచక్రాల ద్వారా మన చేతులకు ఎదురు తోపుడు ఇస్తాయి. ఈ పద్ధతిలో పళ్లచక్రాల చప్పుడు కొంత వినిపించడం సహజమే అయినా, హెడ్‌సెట్ శబ్దం చెవుల్లో ఉన్నప్పుడు దాన్ని పట్టించుకోలేదు. నేను ఎక్కువగా ఆడేది అసెట్టో కోర్సా. ఇటలీకి చెందిన కూనోస్ సంస్థ నిజమైన ట్రాకులను లేజర్‌తో కొలిచి తయారు చేసిన ఆట కావడంతో రోడ్డు మీది ప్రతి ఎత్తుపల్లం చేతికి తెలుస్తుంది. మోంజా ట్రాకులో పొడవాటి రోడ్డు చివర మొదటి మలుపు దగ్గర ఆలస్యంగా బ్రేకు తొక్కి చక్రం తిప్పితే, అప్పటిదాకా బిగువుగా ఉన్న స్టీరింగ్ ఒక్కసారిగా నీళ్లలో తిప్పినట్టు తేలికైపోతుంది. ముందు టైర్లు పట్టు వదిలేశాయని తెర మీద ఏ సంకేతమూ రాకముందే అరచేతులకు తెలిసిపోతుంది. ఆ క్షణంలో స్టీరింగ్‌ను కొంచెం వెనక్కి తిప్పి పట్టు తెచ్చుకోవడం నేర్చుకున్నాక ఆట మీద ప్రేమ పెరిగింది.

హెడ్‌సెట్ ఉండటం వల్ల ఇందులో మరో లాభం ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల పోటీ జరిగినప్పుడు, కారు మలుపు తిరగకముందే డ్రైవరు హెల్మెట్ లోపలి అంచు వైపు తిరగడం చూశాను. టీవీ ముందు కూర్చుని ఆడేటప్పుడు ఆ పని కుదరదు, తల తిప్పితే గోడ కనిపిస్తుంది. హెడ్‌సెట్‌లో మాత్రం మెడ తనంతట తానే మలుపు లోపలికి తిరుగుతుంది, చూపు పడిన చోటికి చేతులు కారును తీసుకెళతాయి.

గేరు రాడ్ కొనడానికి కారణం మా నాన్నగారు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లకు పైగా బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక ఆదివారం ఆయనను కూర్చోబెట్టి యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో కుడివైపు స్టీరింగ్ ఉన్న బ్రిటన్ లారీ పెట్టిచ్చాను. మొదట అద్దాలు చూసుకున్నారు, తర్వాత ఎడమ కాలితో క్లచ్ వెతికి తొక్కారు, పెడల్ అక్కడే ఉంది కాబట్టి సరిపోయింది. ఆ వెంటనే ఎడమ చెయ్యి కిందికి దించి, మోకాలి పక్కన గాలిలో పిడికిలి బిగించారు. అక్కడ ఏమీ లేదు. రెండోసారి కాస్త వెనక్కి జరిపి వెతికి, "ఒరేయ్, గేరు ఎక్కడరా?" అన్నారు. స్టీరింగ్ వెనకున్న మీటలతో గేర్లు మార్చవచ్చని చెప్పినా ఆయన చెయ్యి ఒప్పుకోలేదు. విడిగా అమ్మే ఆరు గేర్ల రాడ్ తెచ్చి బల్లకు ఎడమవైపు బిగించాక, నలభై నిమిషాలు ఒక్క మాట మాట్లాడకుండా నడిపారు. ఇంతకుముందు ఇదే హెడ్‌సెట్‌లో ఊరికే వీడియో చూస్తూ ఐదు నిమిషాలకే కళ్లు తిరుగుతున్నాయని తీసేసిన మనిషి ఆయన.

ఇక్కడ ఒక సర్దుబాటు తప్పనిసరి. ఆటలో కనిపించే స్టీరింగూ బల్ల మీదున్న స్టీరింగూ ఒకే చోట ఉండాలి. నాలుగు అంగుళాల తేడా ఉన్నా, చెయ్యి చాపినప్పుడు కంటికి ఒకచోట, చేతికి మరొకచోట తగిలి భ్రాంతి అంతా చెదిరిపోతుంది. ఆటలోని సీటును పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ జరుపుతూ రెండూ కలిసేదాకా ఓపిక పట్టాలి. హెడ్‌సెట్ పక్కన రెండుసార్లు తడితే బయటి గది కనిపించే సదుపాయం ఈ పనికి బాగా ఉపయోగపడుతుంది.

స్టీరింగ్‌ను దేనికి బిగిస్తామన్నది కూడా చిన్న విషయం కాదు. నేను మొదట ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి మడతపెట్టే స్టాండు తెప్పించాను. దానితో వచ్చిన బోల్టులు కొలతకు చిన్నవి, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడల్లా పెడళ్ల పలక నా కాళ్ల కింద నుంచి ముందుకు జారిపోయేది. మార్చి ఇవ్వమని మూడుసార్లు రాసినా జవాబు రాలేదు. చివరకు వెల్డింగ్ షాపులో రెండు అంగుళాల చదరపు పైపుతో చిన్న చట్రం చేయించి, కుర్చీనీ పెడళ్లనూ దానికే బిగించాను. కాలితో తోసిన బలం కుర్చీ వీపు దాకా వెళ్లి ఆగుతుంది కాబట్టి ఏదీ జరగదు. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ వాడేవారు కనీసం ఆ చక్రాలకైనా అడ్డం పెట్టుకోవాలి.

అసలు నన్ను ఆశ్చర్యపరిచినది బేస్ షేకర్. ఇది శబ్దం వినిపించే స్పీకరు కాదు, లోపలి బరువును అదిలించి, ఆ అదురును తాను బిగించి ఉన్న వస్తువులోకి పంపే పరికరం. సిమ్‌హబ్ అనే సాఫ్ట్‌వేరు ఆట నుంచి ఇంజిను వేగం, గేరు మార్పు, టైరు జారడం, ట్రాకు అంచు రాళ్లు వంటి వివరాలు తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో రకం అదురుగా మార్చి దీనికి అందిస్తుంది. గేరు పడిన ప్రతిసారీ నడుము దగ్గర చిన్న దెబ్బ తగులుతుంది, కుడి చక్రాలు అంచు రాళ్ల మీదికి ఎక్కితే తొడల కింద గరగరమంటుంది. కుర్చీ ఒక్క అంగుళం కూడా కదలదు. అయినా కారు కదులుతోందని ఒళ్లు నమ్మడానికి ఆ అదురు చాలు. పెట్టిన డబ్బుకు ఇంత ఫలితం ఇచ్చిన పరికరం ఈ జాబితాలో మరొకటి లేదని నా అభిప్రాయం.

అపార్టుమెంటులో ఉండేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మొదటి రాత్రే కింది ఫ్లాటు ఆంటీగారు పైకి వచ్చి, "బాబూ, ఇంత రాత్రివేళ గ్రైండర్ తిప్పుతున్నారా?" అని అడిగారు. తక్కువ పౌనఃపున్యపు అదురు గాలిలో వినిపించకపోయినా ఇనుప చట్రం గుండా నేలలోకి, అక్కడి నుంచి కింది ఇంటి పైకప్పులోకి దిగిపోతుంది. వాషింగ్ మెషిన్ కాళ్ల కింద పెట్టే మందపాటి రబ్బరు దిమ్మెలు నాలుగు తెచ్చి చట్రం కింద పెట్టి, దాని కింద ఒక రబ్బరు చాప పరిచాక ఆమెను పిలిచి, వాళ్ల గదిలో నిలబడి వినమని అడిగాను. వినిపించడం లేదన్నారు. అయినా రాత్రి తొమ్మిది తర్వాత షేకర్ ఆపేస్తాను.

నిజంగా కదిలే కుర్చీల సంగతి వేరు. మోటార్ల మీద కుర్చీని ముందుకూ పక్కలకూ వంచే ఇలాంటి యంత్రాన్ని ఒక మాల్‌లోని ఆటల కేంద్రంలో రెండుసార్లు ప్రయత్నించాను. బ్రేకు వేసినప్పుడు కుర్చీ ముందుకు వంగి, భూమ్యాకర్షణనే కుదుపులాగా అనిపింపజేయడం వీటి కిటుకు, పైలట్ల శిక్షణ యంత్రాల్లో ఉన్నదీ ఇదే సూత్రం. కానీ అక్కడ హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే కుర్చీ ఎటు వంగితే అటు కారు కిటికీ కూడా కొట్టుకుపోయింది, నాలుగో నిమిషంలో నేనే ఆపమన్నాను. క్వెస్ట్ వంటి హెడ్‌సెట్లు తమ కెమెరాలతో గది గోడలను చూస్తూ, లోపలి సెన్సర్లతో కదలికను కొలుస్తూ తల ఎక్కడుందో లెక్కిస్తాయి. కుర్చీ కదిలినప్పుడు తలే కదిలిందనుకుని ఆ కదలికను కూడా దృశ్యంలో కలిపేస్తాయి. దీనికి విరుగుడుగా, కుర్చీకే మరో సెన్సర్ బిగించి, కుర్చీ కదలికను తల కదలికలోంచి తీసివేసే సాఫ్ట్‌వేరు ఉంది, దాన్ని మోషన్ కాంపెన్సేషన్ అంటారు. ఇది లేకుండా కదిలే కుర్చీని హెడ్‌సెట్‌తో కలపడం, నయం చేయాల్సిన జబ్బును పెంచడమే. కదిలే కుర్చీ అమ్మేవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, దీని గురించి.

వీఆర్ ఆటల కోసం నిలబడి నడిచే ట్రెడ్‌మిల్లు కూడా ఇళ్లకు వచ్చాయి. నడుముకు పట్టీ కట్టుకుని, నున్నటి పళ్లెం మీద కాళ్లు జార్చుతూ నడవడం వీటి పద్ధతి. కాళ్లకు పని దొరుకుతుంది గానీ శరీరం ముందుకు సాగదు కాబట్టి లోచెవికి అందాల్సిన కుదుపు అందదు. పైగా అది ఆక్రమించే చోటు మా హాల్లో మూడో వంతు. ఇల్లు విశాలంగా ఉండి వ్యాయామం ముఖ్యమనుకునేవారికి తప్ప ఇది నేను సూచించను.

మన ఇళ్లకు సంబంధించిన చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. క్వెస్ట్‌కు నేరుగా ఈ స్టీరింగ్ కలవదు, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు కావాలి. కంప్యూటరు నుంచి రౌటరు వరకు కేబులు వేసి, రౌటరు నుంచి హెడ్‌సెట్‌కు మాత్రమే వైఫై ఉంచితే చిత్రం తడబడదు. హెడ్‌సెట్ సెట్టింగుల్లో ట్రాకింగ్ (కెమెరాలతో తల కదలికను గుర్తించడం) పౌనఃపున్యాన్ని 50 హెర్ట్జ్‌కు పెట్టుకుంటే మన కరెంటు దీపాల మిణుకు కెమెరాలను ఇబ్బంది పెట్టదు. ఎండ లెన్సుల మీద పడితే లోపలి తెర కాలిపోతుంది, కిటికీ పక్కన లెన్సులు వెలుతురు వైపు ఉండేలా పెట్టకండి. వేసవిలో ముఖానికి తగిలే నురుగు చెమటకు నానిపోతుంది కాబట్టి తుడుచుకోగల సిలికాన్ తొడుగు వేయించాను, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. ఆ గాలి చల్లదనానికే కాక కారు వేగానికి కూడా తోడైంది. పదేళ్ల లోపు పిల్లలకు ఈ హెడ్‌సెట్ వద్దని తయారీదారే చెబుతున్నారు, మా అన్నయ్య కొడుక్కి ఎనిమిదేళ్లు కాబట్టి వాడికి స్టీరింగ్, టీవీ మాత్రమే ఇస్తున్నాం.

హెడ్‌సెట్ ఇప్పటికే ఉన్నవారు ముందు స్టీరింగ్, పెడళ్లు కొనండి, వాటిని కదలని చట్రానికి బిగించండి, రెండు నెలలు ఆడాక ఇంకా మక్కువ ఉంటే షేకర్ పెట్టించండి. కదిలే కుర్చీ కొనే ముందు మీ హెడ్‌సెట్‌నే పట్టుకెళ్లి, దానితోనే కూర్చుని చూడండి. నేను దాని జోలికి వెళ్లడం లేదు. మా నాన్నగారు మాత్రం గేరు రాడ్‌ను రెండు అంగుళాలు వెనక్కి జరపమన్నారు, వచ్చే ఆదివారం ఆ పని పెట్టుకున్నాను.