స్పేసైడ్‌లో షెర్రీ పీపాల మాల్ట్: రంగు చూసి మోసపోకండి

స్కాట్లాండ్ స్పేసైడ్‌లో మేం దిగిన హోటల్‌కి రాత్రికి 118 పౌండ్లు. గది బాగానే ఉంది, బార్ మాత్రం ముంచింది. షెర్రీ అనే స్పెయిన్ వైన్ నింపిన పీపాలో పండిన 15 ఏళ్ల మాల్ట్ విస్కీ, 25 మిల్లీలీటర్లకు 14 పౌండ్లు. సీసా అడుగున రెండు వేళ్ల ఎత్తే మిగిలింది. దాన్ని ఐస్ నింపిన వెడల్పాటి గ్లాసులో పోసిచ్చారు. ఐస్ తీసేసి వాసన చూస్తే ముందు కాల్చిన అగ్గిపుల్ల, వెనకాలే రబ్బరు. షెర్రీ పీపా ఇవ్వాల్సిన ఎండుద్రాక్ష వాసన జాడే లేదు. అడిగితే "షెర్రీ అంటే అంతే" అన్నారు.

అంతే కాదు. అది గంధకం. ఖాళీ పీపాలు పాడవకుండా లోపల గంధకం వెలిగిస్తారు, ఆ వాసన విస్కీలోకి దిగుతుంది. కొందరి ముక్కుకు అసలు తెలియదు. నెలల తరబడి తెరిచి ఉన్న సీసాలో గాలి చేరి పండ్ల వాసన కూడా చప్పబడుతుంది. ముదురు రంగును నమ్మలేం, స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడం చట్టబద్ధమే. అందుకే ముందు సీసా చూపించమనండి. సగానికి దిగిపోయి ఉంటే ఎప్పుడు తెరిచారో అడగండి.

మర్నాడు బాలిండాలక్‌లో గ్లెన్‌ఫార్‌క్లాస్‌కి వెళ్లాక ప్రాణం లేచొచ్చింది. ఈ విస్కీ తయారీ కేంద్రం 1865 నుంచీ గ్రాంట్ కుటుంబానిదే. బట్టీల కింద ఇప్పటికీ గ్యాస్ మంటే, రంగు కలపరు. మట్టి నేల గోదాముల్లో ఒలొరోసో అనే ముదురు రకం షెర్రీ పీపాలు వరసలు కట్టి ఉంటాయి. వీళ్ల "105" అనే విస్కీలో ఆల్కహాల్ 60 శాతం. తులిప్ పువ్వులా పైన ఇరుకైన గ్లాసులో 25 మిల్లీలీటర్లు పోసి, పది నిమిషాలు మూతపెట్టి ఉంచండి. నోరు కాస్త తెరిచి వాసన చూడండి. తర్వాత ఒకటిన్నర టీస్పూన్ల నీళ్లు కలిపితే దాదాపు 46 శాతానికి దిగుతుంది. అప్పటిదాకా ముక్కు మండించిన ఘాటు తగ్గి ఖర్జూరం, నారింజ తొక్క, లవంగం, ముదురు బెల్లం పాకం ఒక్కొక్కటే పైకొస్తాయి. మింగాక నాలుక మీద ఎక్కువ మరిగిన టీ డికాషన్‌లా వగరు నిలిచిపోతే మాత్రం పీపా చెక్క రుచి మితిమీరిందని అర్థం. ఇందులో అది లేదు.

కారు నడిపేవాళ్లు ముట్టకండి. స్కాట్లాండ్‌లో రక్తం 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాలే పరిమితి. మా తమ్ముడు పొద్దంతా ముఖం ముడుచుకునే ఉన్నాడు. తన వాటా చిన్న సీసాలో కట్టించుకుని, రాత్రి గదిలో రుచి చూశాకే నవ్వాడు.

ఇండియాకి తెచ్చుకునేవాళ్లు లెక్క చూసుకోండి. సుంకం లేకుండా ఒక్కొక్కరికి 2 లీటర్లే. 700 మిల్లీలీటర్ల సీసాలు మూడైతే 2.1 లీటర్లు, దాటిపోతుంది. రెండు పెద్దవి, మూడు 200 మిల్లీలీటర్లవి తీసుకుంటే సరిగ్గా సరిపోతుంది.