మోకాళ్ల నొప్పికి ప్రకృతి ఆశ్రమమా, ఫిజియోథెరపీయా: ఏది మేలు?

మా పాలకొల్లు వైపు మోకాళ్లు పట్టేశాయంటే మొదట వినబడే మాట "గుజ్జు అరిగిపోయింది". అమ్మ విషయంలో నేను ఫిజియో పక్షం, మేనత్త ఆశ్రమం పక్షం. చివరికి రెండూ చూశాం.

అమ్మ ఆశ్రమంలో రెండు వారాలుంది. తెల్లారకముందే లేపి పొట్ట మీద తడిమట్టి పట్టీ వేస్తారు, ఎనిమా ఇస్తారు. తర్వాత తొట్టి స్నానం. నడుము దాకా చన్నీళ్లలో కూర్చుని, కాళ్లు బయటపెట్టి, పొత్తికడుపు గుడ్డతో రుద్దుకోవాలి. ఇది జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూయీ కూనే అనే ప్రకృతి వైద్యుడు వాడుకలోకి తెచ్చిన పద్ధతి. గాంధీగారికి దీనిమీద గట్టి గురి. 1946లో పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి వైద్యశాలే పెట్టించారు.

భోజనం ఉప్పులేని కూర, రెండు పుల్కాలు. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని అమ్మ మూడోరోజు ఫోన్ చేసి "ఊరగాయ వాసన కూడా తగలనివ్వట్లేదురా" అంది. అయినా నాలుగు కిలోలు తగ్గి వచ్చింది, మెట్లు ఎక్కింది. ఒంట్లో కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుందట. కాబట్టి అది మట్టి మహిమ కాదు, తిండి మహిమ అంటాను. సంక్రాంతికి అరిసెలు, పూతరేకులు వచ్చాయి, బరువూ వచ్చింది.

ఫిజియో అంటే మనవాళ్లకి "కరెంటు పెట్టించుకోవడం". మేం వెళ్లినచోట కూడా పదిరోజులు మెషీను తగిలించి పంపేశారు, నేను గట్టిగా అడిగితేగానీ వ్యాయామం చూపించలేదు. అసలు పని అక్కడే ఉంది. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, దాన్ని నొక్కుతూ తొడకండ బిగించి, ఐదు లెక్కపెట్టి వదలాలి. తొడ గట్టిపడితే కీలు మీది బరువు అది పంచుకుంటుంది.

నన్నడిగితే ముందు ఫిజియో. ఒళ్లు బాగా బరువైతే ఆశ్రమం కూడా మంచిదే, వచ్చాక ఇంట్లో ఆ తిండి సాగుతుందంటేనే. ఇన్సులిన్, షుగరు బిళ్లలు వాడేవాళ్లు మాత్రం డాక్టరుకి చెప్పకుండా అక్కడి ఉపవాసాలకి దిగొద్దు, షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. గుండెజబ్బు ఉన్నవాళ్లూ అడిగాకే ఆవిరి పెట్టెలో కూర్చోవాలి. మోకాలు ఎర్రగా వాచి జ్వరం కూడా వస్తే రెండూ కాదు, ఆరోజే డాక్టరు దగ్గరికి.

అమ్మ ఇప్పుడు సీరియల్ చూస్తూ తువ్వాలు నొక్కుతోంది. మేనత్త ఉగాది తర్వాతకి గది చెప్పేసి, "వదినా, నీకూ మంచం చెప్పనా?" అని రోజూ ఫోను.