ఆమ్‌కాస్ కోర్స్‌వర్క్ సెక్షన్: డబ్ల్యూలు, రిపీట్లు ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్‌తో ఎలా ఉందంటే

రేటింగ్: 5కి 4

అమెరికాలో ఎండీకి (అక్కడ డాక్టర్ అవ్వడానికి చదివే డిగ్రీ) అప్లై చేసేవాళ్ళు ఎక్కువమంది వాడే ఆన్‌లైన్ అప్లికేషన్, మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వాళ్ళ ఆమ్‌కాస్. మా చెల్లిది కోర్స్‌వర్క్ సెక్షన్ మొత్తం నేను పక్కన కూర్చుని ఎంటర్ చేయించా. దాని ట్రాన్స్‌క్రిప్ట్ అంత తిన్నగా ఉండదు, హైస్కూల్లోనే కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ (స్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు) చేసింది, ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలతో వచ్చిన కాలేజీ క్రెడిట్లున్నాయి, 2020 స్ప్రింగ్ కోవిడ్ సెమిస్టర్‌లో గ్రేడ్ బదులు పాస్‌లు, ఒక డబ్ల్యూ (మధ్యలో వదిలేసిన కోర్సు), ఆర్గానిక్ కెమిస్ట్రీ రిపీట్. ఇవన్నీ ఎక్కడ పెట్టాలా అని ఇంట్లో అందరికీ టెన్షనే.

ముందు ఫారం గురించి మంచి మాట చెప్తా. ఏదైనా వింత గ్రేడ్ ఉంటే దానికంటూ ఒక టైప్ ఉంది. కోర్సు పేరు, నంబర్, క్రెడిట్లు, గ్రేడ్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నది ఉన్నట్టు కొట్టి, పక్కన విత్‌డ్రాన్, రిపీట్, పాస్/ఫెయిల్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ లాంటివి సెలెక్ట్ చేసుకోవడమే. హైస్కూల్లో చేసిన కాలేజీ కోర్సులు హైస్కూల్ ఇయర్ కిందే చూపిస్తాం కానీ గ్రేడ్ మాత్రం జీపీఏలో కలుస్తుంది. డబ్ల్యూకీ ఏపీకీ జీపీఏతో పని లేదు, కానీ ఎంటర్ చేయకుండా వదిలేయకూడదు. ఏడాదిని సెమిస్టర్లు కాకుండా క్వార్టర్లుగా నడిపే కాలేజీ అయితే 5 క్వార్టర్ క్రెడిట్లు సుమారు 3.3 సెమిస్టర్ క్రెడిట్లుగా మారతాయి.

చాలామంది ఉలిక్కిపడేది రిపీట్ దగ్గరే. మా చెల్లికి మొదటిసారి సి, మళ్ళీ చేస్తే ఏ గ్రేడ్. దాని కాలేజీ జీపీఏలో రెండోసారి వచ్చిన ఏ గ్రేడ్ ఒక్కటే లెక్క, ఆమ్‌కాస్‌లో రెండూ లెక్కే, అంటే 2.0, 4.0 కలిపి ఆ కోర్సు సగటు 3.0. కాలేజీ వెబ్‌సైట్‌లో చూసుకున్న జీపీఏ, ఇక్కడ వచ్చేది వేరువేరుగా కనబడేసరికి పాపం ఏడ్చినంత పని చేసింది. డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్) స్కూళ్ళకి అప్లై చేసే ఆకోమాస్‌లో ఇదివరకు కొత్త గ్రేడ్ పాతదాన్ని తీసేసేది, 2017 నుంచి అక్కడా లేదు. నాకైతే ఇది న్యాయంగానే అనిపించింది, ఒక్కో కాలేజీకి ఒక్కో రూల్ ఉన్నప్పుడు అందరినీ ఒకే కొలతతో చూడాలి కదా. ఏ ప్లస్‌కి కూడా 4.0 మించి ఇవ్వరు.

క్లాసిఫికేషన్, అంటే ఏ కోర్సు ఏ సబ్జెక్ట్ కింద పెడుతున్నామన్నది జాగ్రత్తగా చూసుకోండి. ఆమ్‌కాస్ విడిగా లెక్కేసే సైన్స్ జీపీఏలోకి బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ మాత్రమే వెళ్తాయి. కోర్సు ఏ డిపార్ట్‌మెంట్‌ది అని కాదు, లోపల ఏం చెప్పారన్నదే చూస్తారు. సైకాలజీ వాళ్ళు చెప్పిన స్టాటిస్టిక్స్ మ్యాథ్స్ కింద పెట్టొచ్చు, దానికి సిలబస్ దగ్గర పెట్టుకుంటే మంచిది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, కాలేజీలు అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఎలాగూ పంపుతాయి, అయినా ప్రతి లైనూ మనమే చేత్తో కొట్టాలి, తర్వాత ఆమ్‌కాస్ వాళ్ళు ఆ ట్రాన్స్‌క్రిప్ట్ పక్కన పెట్టుకుని సరిచూస్తారు. రద్దీ టైంలో దీనికి వారాలు పడుతుంది. తప్పులు మరీ ఎక్కువుంటే అప్లికేషన్ వెనక్కి పంపేస్తారు, లైన్‌లో మళ్ళీ నిలబడాలి. అందుకే చదివిన ప్రతి కాలేజీ నుంచి, ఒక్క సమ్మర్ క్లాస్ చేసినా సరే, ట్రాన్స్‌క్రిప్ట్ కాపీ ముందే తెప్పించుకుని అది చూస్తూ ఎంటర్ చేయండి, గుర్తున్నదాన్ని బట్టి వద్దు.

ఇక ఇండియాలో డిగ్రీ చదివి ఇక్కడికొచ్చిన మనవాళ్ళకి. ఉస్మానియా అయినా ఆంధ్రా యూనివర్సిటీ అయినా కాలేజీ పేరు ఫారంలో రాయాల్సిందే, కానీ ఆ మార్కులు వెరిఫై చేయరు, జీపీఏలో కలపరు. మూడేళ్ళ బీఎస్సీ కష్టం ఒక్క అంకెగా కూడా కనబడకపోవడం నాకు నిజంగా బాధనిపించింది. చాలా మెడికల్ స్కూళ్ళు అమెరికాలోనో కెనడాలోనో చేసిన కోర్సులు ఉండాలంటాయి, ఎన్ని క్రెడిట్లన్నది స్కూల్‌ని బట్టి మారుతుంది. ఫీజు కట్టకముందే అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి కనుక్కోండి, మొదటి స్కూల్‌కి ఒక ఫీజు, ఆపైన ప్రతి స్కూల్‌కీ విడిగా కట్టాలి.