రెండు పెట్టెల ఆర్డర్‌లో ఒకటే వచ్చిందా? ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి

ఆన్‌లైన్‌లో మంచాలు, అలమరలు, వ్యాయామం సామాను లాంటి పెద్ద వస్తువులు కొనేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. ఇలాంటివి తరచూ రెండు మూడు పెట్టెల్లో వస్తాయి. వాటిలో ఒకటి ఇంటికి చేరగానే యాప్‌లో ఆర్డర్ మొత్తం "డెలివర్డ్" అని మారిపోవచ్చు. రిటర్న్ గడువు అప్పటినుంచే లెక్కలోకి వస్తుంది. రెండో పెట్టె కోసం మీరు చూసే ఎదురుచూపంతా ఆ గడువును తినేస్తుంది.

నేను తలుపులున్న పుస్తకాల అలమర తెప్పించుకున్నాను. డబ్బు మొత్తం ముందే కట్టేశాను. చెక్క పలకలున్న పెట్టె వచ్చింది. తలుపులు, కాళ్లు, బిగించే స్క్రూలు ఉన్న పెట్టె రాలేదు. "రెండోది వెనక బండిలో వస్తోంది, ఓటీపీ చెప్పండి" అని డెలివరీ అబ్బాయి అడిగితే ఇంట్లో ఉన్న అమ్మ చెప్పింది. అది రెండు పెట్టెలకూ కలిపి ఒకటే ఓటీపీ అని ఆ అబ్బాయి చెప్పలేదు, యాప్‌లోనూ ఎక్కడా రాసిలేదు.

ఆ తర్వాత కస్టమర్ కేర్‌కు ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట: 48 గంటలు ఆగండి. ఆగాక మళ్లీ చేస్తే కొత్త మనిషి, కథ మళ్లీ మొదటినుంచి, మళ్లీ 48 గంటలు. ఈలోగా "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ పెట్టి ఫిర్యాదు మూసేశారు. చివరికి చల్లగా చెప్పిన సంగతి: రిటర్న్ గడువు దాటిపోయింది కాబట్టి వెనక్కి తీసుకోలేం, రాని భాగానికి కొంత సొమ్ము వాలెట్‌లో వేస్తాం. ఆ కొంత ఎంతో వాళ్లే తేల్చారు. కాళ్లూ తలుపులూ లేని పలకలను నేనేం చేసుకోను? వద్దని రాసి పంపాను.

అక్కడినుంచి చట్టం ఏమంటుందో వెతికాను. కొనేవాళ్లంతా తెలుసుకోవాల్సిన సంగతులు ఇవి.

మన దేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో 37వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్నదానికంటే తక్కువ సరుకు పంపితే కొన్నవాళ్లు మొత్తాన్నీ తిరస్కరించవచ్చు. లేదా వచ్చినంత ఉంచుకుని, దానికి మాత్రమే ఒప్పుకున్న ధర లెక్కన డబ్బు ఇవ్వవచ్చు. ఎంచుకునే హక్కు కొన్నవాళ్లదే. విడతలుగా పంపుతామని ముందే ఒప్పుకుని ఉంటే తప్ప విడతల్లో తీసుకోవాల్సిన పనీ లేదని 38వ సెక్షన్ చెబుతోంది. తిరస్కరించిన సరుకును మీరే కొరియర్‌లో పంపాలని అంటారు చూడండి, దానికి జవాబు 43వ సెక్షన్‌లో ఉంది: వేరే ఒప్పందం లేకపోతే, తీసుకోవడం లేదని అమ్మినవాళ్లకు తెలియజేస్తే చాలు.

అయితే ఇక్కడే అసలు జాగ్రత్త పడాలి. 42వ సెక్షన్ ప్రకారం, సబబైన సమయం దాటినా ఏమీ చెప్పకుండా సరుకు ఉంచేసుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. సొంత వస్తువులా వాడటం మొదలుపెట్టినా అంతే. కాబట్టి మొత్తం వద్దనుకుంటే వచ్చిన భాగాలను బిగించకండి, వాడకండి. పెట్టె వచ్చిన రోజే రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్‌లో ఎంతసేపు మాట్లాడినా మన చేతిలో ఆధారం మిగలదు, మెయిల్ అయితే తేదీతో సహా ఉంటుంది. నేను రాసింది దాదాపు ఇంతే: "ఈ ఆర్డర్‌లో రెండు పెట్టెలకు ఒకటే అందింది. రెండోది లేకుండా వస్తువు పనికిరాదు. ఫలానా తేదీలోగా అది చేరకపోతే మొత్తం తిరస్కరిస్తున్నాను. మీ పెట్టె మీరే తీసుకెళ్లి, నేను కట్టిన ఖాతాకే పూర్తి డబ్బు వెనక్కి వేయండి."

ఈ మెయిల్ కస్టమర్ కేర్‌కు కాకుండా ఫిర్యాదుల అధికారికి, అంటే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థా ఆ అధికారి పేరు, వివరాలు సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ వివరాలు సాధారణంగా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఓపిగ్గా వెతకండి. వస్తువులో లోపమున్నా, చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన తేదీకి రాకపోయినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. రాని పెట్టె విషయంలో "చెప్పిన తేదీకి రాలేదు" అన్న మాటను మెయిల్‌లో తప్పకుండా రాయండి.

ఆధారాల సంగతి. పెట్టె మీద అంటించిన లేబుల్‌ను చింపకుండా ఫోటో తీయండి. చాలా లేబుళ్ల మీద బరువు ఉంటుంది, రెండు పెట్టెలైతే ఇది ఎన్నోదో కూడా ఉంటుంది. మొత్తం వచ్చిందని వాళ్లు వాదిస్తే ఆ లేబులే సమాధానం చెబుతుంది. పెట్టె విప్పుతూ వీడియో తీయండి, బిల్లు దాచుకోండి, చాట్ స్క్రీన్‌షాట్లు తీసుకోండి. అన్ని పెట్టెలూ లెక్క చూసుకున్నాకే ఓటీపీ చెప్పండి. ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి. డెలివరీకి వచ్చినవాళ్లతో గొడవ పడకండి, పాపం వాళ్లకు ఆర్డర్‌లో ఏముందో కూడా తెలియదు.

ఒకే ఆర్డర్‌లో వేర్వేరు అమ్మకందారుల వస్తువులు ఉంటే సంగతి వేరు. అవి విడివిడి కొనుగోళ్లు, బిల్లులూ విడిగానే వస్తాయి. అప్పుడు రానిదానికే డబ్బు అడగగలం. కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. మూడు కొంటే తగ్గింపు అన్న ఆఫర్‌లో ఒకటి వాళ్లే పంపకుండా రద్దు చేసి, "ఇప్పుడు రెండే కాబట్టి తగ్గింపు వర్తించదు" అని డబ్బు కోసుకుని ఇస్తామంటారు. అది అన్యాయం. మాట తప్పింది వాళ్లు. వచ్చిన వస్తువులకు ఒప్పుకున్న ధరే చెల్లుతుందని గట్టిగా రాయండి.

నా విషయంలో ఫిర్యాదుల అధికారి నుంచి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కానీ ఫిర్యాదు నమోదు చేసుకుని కంపెనీకి పంపుతారు. ఆ తర్వాతే కంపెనీలో కదలిక వచ్చింది, పెట్టె పట్టుకెళ్లి డబ్బు పూర్తిగా నా ఖాతాకు వేశారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే చోటే, లేదా పనిచేసే చోటే కేసు వేయవచ్చు. కంపెనీ ఆఫీసున్న ఊరికి వెళ్లక్కర్లేదు. కొన్న వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు.

వాలెట్‌లో ఇచ్చే సొమ్ముకు తొందరపడి "సరే" నొక్కకండి. నొక్కితే వివాదం ముగిసిందని రాసుకుంటారు, రేపు మొత్తం అడిగితే అదే చూపిస్తారు. ఇప్పటికే మీకు చెప్పకుండా వేసేసి ఉంటే, "ఇది పూర్తి పరిష్కారంగా నేను ఒప్పుకోవడం లేదు" అని ఈరోజే ఒక మెయిల్ పెట్టండి. కమిషన్‌కు వెళ్లడానికి వివాదం మొదలైనప్పటినుంచి రెండేళ్ల గడువు ఉంది.