మా బ్యాగుల వ్యాపారంలో ఏఐ సర్వీస్: ఎనిమిది నెలలు వాడాక

మేము ఆన్‌లైన్‌లో ల్యాప్‌టాప్ బ్యాగులు, ప్రయాణాల బ్యాగులు అమ్ముతాం. డిజైన్లు, సరుకు తెప్పించడం నా పని. కస్టమర్లతో మాట్లాడేది మా వదిన. రోజుకు 60, 70 మెసేజ్‌లు. రాత్రి పదకొండైనా ఆవిడ చేతిలోంచి ఫోన్ దిగేది కాదు. ఆవిడకి కాస్త ఊపిరి తీసుకునే వీలుంటుందని ఈ సర్వీస్ తీసుకున్నాను. కస్టమర్లకు జవాబులు, ప్రకటనల మాటలు, ఏ సరుకు ఎంత తెప్పించాలో అంచనా, మూడూ చేస్తుందన్నారు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలా ఉన్నాయి. లోపల ఓ పెద్ద భాషా మోడల్ (మనం రాసింది చదివి జవాబు రాసే ఏఐ), పైన ఎవరి స్క్రీన్ వాళ్లది. నేను చెప్పే మంచీ చెడూ వాటిలో చాలావాటికి వర్తిస్తాయి.

నన్ను బాగా కలవరపెట్టిన సంగతి ముందు చెప్తాను. మా రిటర్న్ గడువు 10 రోజులు. రెండో వారంలో ఒకావిడ అడిగితే, ఈ సర్వీస్‌లో కస్టమర్లకు తనంతట తానే జవాబిచ్చే చాట్‌బాట్ 30 రోజులని చెప్పేసింది. ఎక్కడా తడబాటు లేదు. వెతికితే, మేం అప్‌లోడ్ చేసిన ఫైళ్లలో పాత పాలసీ ఒకటి ఉండిపోయింది. ఈ బాట్‌లు జవాబు చెప్పేముందు మనమిచ్చిన ఫైళ్లలో ప్రశ్నకు దగ్గరగా ఉన్న ముక్కల్ని వెతికి తెచ్చుకుంటాయి. ఏది పాతదో ఏది ఇప్పటిదో మనం చెప్పకపోతే వాటికి తెలియదు. కాబట్టి సగం తప్పు మాదే. కానీ రెండు ఫైళ్లలో రెండు రకాలుగా ఉన్నప్పుడు ఆగి మమ్మల్ని అడగాలి కదా! అడగలేదు. 22వ రోజున ఆవిడ బ్యాగు వెనక్కి పంపింది. మారుమాట్లాడకుండా తీసుకున్నాం. మా పేరు మీద వెళ్లిన మాట అది.

కెనడాలో ఇలాంటి వివాదమే ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. కుటుంబంలో మనిషి పోయి ప్రయాణం కట్టిన ఒకరికి, రాయితీ కోసం ప్రయాణం అయ్యాక కూడా అడగొచ్చని ఎయిర్ కెనడా అనే విమాన సంస్థ చాట్‌బాట్ చెప్పింది. అసలు నిబంధన అది కాదు. బాట్ చెప్పినదానికి తమ బాధ్యత లేదని సంస్థ వాదిస్తే, 2024 ఫిబ్రవరిలో అక్కడి బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, పరిహారం కట్టమంది. ఆ తీర్పు గురించి చదివిన రోజే మా దగ్గర ఆటో రిప్లై ఆపేశాను. ఇప్పుడు అది జవాబు రాసి పెడుతుంది, వదిన చూసి పంపుతుంది.

మరి ఎందుకు మానేయలేదంటారా? రాయించుకుందామని తీసుకున్నాను గానీ, దీని సత్తా చదవడంలో ఉంది. రెండేళ్ల మెసేజ్‌లు, రిటర్న్ కారణాలు, పేర్లూ ఫోన్ నంబర్లూ అడ్రసులూ తీసేసి ఇచ్చాను. బ్యాగులు ఎందుకు వెనక్కి వస్తున్నాయని అడిగాను. కారణాలవారీగా విడదీసి, ఒక్కోదాని కింద కస్టమర్లు రాసిన అసలు మాటలు పెట్టింది. జిప్‌లు, పట్టీ కుట్టు ఊడటం మాకు తెలిసినవే. ‘ల్యాప్‌టాప్ పట్టలేదు’ అన్నవి అన్ని ఉంటాయని మాత్రం ఊహించలేదు. 15.6 అంగుళాలంటే స్క్రీన్ మూల నుంచి మూలకు కొలత. చుట్టూ అంచు మందంగా ఉన్న పాత ల్యాప్‌టాప్, ఎత్తుగా ఉండే గేమింగ్ ల్యాప్‌టాప్ అదే స్క్రీన్‌తో ఉన్నా మా అరలో పట్టవు. మేము రాసింది ‘15.6 అంగుళాలకు సరిపోతుంది’ అని మాత్రమే. ఇప్పుడు అర లోపలి పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో ఇస్తున్నాం. ఆ కారణంతో వెనక్కి వచ్చేవి బాగా తగ్గాయి. ఆ మెసేజ్‌లన్నీ వదిన చదివినవే. రాత్రిపూట ఒక్కొక్కటిగా చదివి, జవాబిచ్చి, తర్వాతదానికి వెళ్లిపోయిన మనిషికి రెండేళ్లవి పక్కపక్కన పెట్టి చూసే తీరిక ఎక్కడిది?

ప్రకటనల దగ్గర నాకు నమ్మకం తక్కువ. నిమిషంలో పది రకాలుగా రాస్తుంది, నిజమే. కాసిని చినుకులు తట్టుకునే పూత ఉన్న గుడ్డని ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసింది. ఫొటో వెనక బ్యాక్‌గ్రౌండ్ మార్చమంటే, బ్యాగుకి లేని జిప్ అర ఒకటి పుట్టించింది. అది చూసి కొన్నవాళ్లకు మేమేం చెప్పాలి? ఫొటోలు మళ్లీ మేమే తీసుకుంటున్నాం.

తెలుగు మొదట్లో మరీ పుస్తకాల భాష. ‘అన్నా, ఇంకా రాలేదు’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసిన కుర్రాడికి ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని రాసేది. వదిన తన పాత జవాబులు నలభై ఇచ్చాక దారికొచ్చింది. సరుకు అంచనా, నిలకడగా అమ్ముడయ్యే మోడళ్లకు పర్వాలేదు. అమ్మకాల చరిత్ర లేని కొత్త డిజైన్లకు పనికిరాదు.

వదిన వేగం పెద్దగా పెరగలేదు గానీ, సాయానికి కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం రెండు వారాల్లో పని అందుకుంది. ఆర్థికవేత్త ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, ఆయన సహచరులు 5,179 మంది కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల మీద చేసి 2023లో వెలువరించిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. ఏఐ సాయంతో గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్లకైతే 34 శాతం, అనుభవజ్ఞులకు నామమాత్రం. అందుకే సిబ్బందిని తగ్గించుకోవడానికి దీన్ని కొనమని నేను ఎవరికీ చెప్పను.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. ఇంకో ఏడాదికి రెన్యూ చేశాను. రాసిన ప్రతి జవాబు కిందా అది ఏ ఫైల్లోంచి తీసుకుందో, ఆ ఫైల్ ఏ తేదీదో కనిపించేలా చేయమని కంపెనీకి రెండుసార్లు రాశాను. అది పెడితే ఇంకో అర కలుపుతాను.